‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ 40వ కవిత

ఆంగ్ల కవి, లాటిన్ పండితుడు ఎ. ఇ. హౌస్‌మన్ (1859–1936) రాసిన ఎనిమిది పాదాల గేయం. 63 కవితలున్న ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ (1896) సంపుటిలో 40వది. కవి దీనికి పేరు పెట్టలేదు. సంఖ్యతోనో మొదటి పాదంతోనో వ్యవహరిస్తారు.

గేయంలో రెండు చతుష్పాదులు. ఎనిమిది, ఆరు అక్షరాల పాదాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంగ్లీషు జానపద గాథలూ చర్చి కీర్తనలూ నడిచే ఛందస్సు ఇదే. మొదటి చతుష్పాది ప్రశ్న, రెండోది జవాబు. దూరాన కనిపించే ఆ కొండలు, చర్చి గోపురాలు ఎక్కడివని అడిగి, ఒకప్పుడు తాను సుఖంగా తిరిగిన సీమే అదని, మళ్లీ అక్కడికి వెళ్లే వీలు లేదని చెప్పుకుంటాడు. ఎందుకు లేదో చెప్పడు. మనిషి పేరు గానీ ఊరి పేరు గానీ రాదు.

సంపుటిలో దీని స్థానం గమనించదగ్గది. 37వ కవితలో పల్లె కుర్రవాడు ఊరు విడిచి లండన్ బాట పడతాడు. 38లో పడమటి గాలి స్నేహితుల ఊపిరిని మోసుకొస్తుంది గనుక అతనికి అది ఇష్టం. రెండు కవితల తర్వాత ఇక్కడ అలాంటి గాలే ప్రాణం తీసేదవుతుంది. విడిగా సంకలనాల్లో చదివేవారికి ఈ మలుపు అందదు.

పోగొట్టుకున్నది ఏమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఆక్స్‌ఫర్డ్ మిత్రుడు మోజెస్ జాక్సన్ 1887లో కరాచీకి కళాశాల ప్రిన్సిపాల్‌గా వెళ్లిపోవడమే దీని వెనుక ఉన్న వేదన అని కొందరంటారు. సంపుటి మొత్తానికి ఈ మాట కొంతవరకు వర్తించవచ్చు. ఈ ఎనిమిది పాదాల్లో మాత్రం ఆధారం కనబడదు. బాల్యమే అనుకోవడం సబబుగా తోస్తుంది. హౌస్‌మన్ పుట్టింది ష్రాప్‌షైర్‌లో కాదు, పక్కనున్న వూస్టర్‌షైర్‌లో, బ్రామ్స్‌గ్రోవ్ దగ్గర. ష్రాప్‌షైర్ కొండలు అతనికి చిన్నప్పుడు పడమటి దిక్కున కనిపించిన అంచు మాత్రమే. సరిగ్గా అతని పన్నెండో పుట్టినరోజునే, 1871లో, తల్లి చనిపోయింది. ష్రాప్‌షైర్‌తో అతని పరిచయం అంతంత మాత్రమే. ఎత్తయిన శిఖరం లేని అక్కడి హ్యూలీ చర్చికి 61వ కవితలో శిఖరం తగిలించాడు.

రచనాకాలాన్ని సాధారణంగా 1895గా చెబుతారు. సంపుటిలో ఎక్కువ భాగం ఆ ఏడాది తొలి నెలల్లోనే వచ్చిందని కవి మాట. అయితే కొన్ని కవితలు అంతకు ముందువని చిత్తుప్రతులు సూచిస్తాయి. వాటిలో చాలా పుటలను అతని మరణానంతరం తమ్ముడు లారెన్స్ నాశనం చేశాడు. మిగిలినవి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఆస్ట్రేలియా ఎడారి నేపథ్యంగా నికొలస్ రోగ్ తీసిన ‘వాకబౌట్’ (1971) చిత్రం ఈ కవిత పఠనంతో ముగుస్తుంది. డెనిస్ పాటర్ బీబీసీ నాటకం ‘బ్లూ రిమెంబర్డ్ హిల్స్’ (1979) పేరు దీన్నుంచి తీసుకున్నదే. అందులో ఏడేళ్ల పిల్లల పాత్రలన్నీ పెద్దవాళ్లే వేశారు.