వింటేజ్ మోటారుసైకిళ్ళకు ఫెయిరింగు అమర్చడం

ఫెయిరింగు అనగా గాలి నిరోధాన్ని తగ్గించడానికి మోటారుసైకిలు ముందుభాగానికి, కొన్నింటిలో రెండు ప్రక్కలకు కూడా, అమర్చే తొడుగు. ఎదురుగాలి, వాన, దుమ్ముల నుండి నడిపేవారిని కాపాడటం దీని రెండవ ప్రయోజనం. 1970ల వరకు రోడ్డుపై తిరిగే మోటారుసైకిళ్ళలో అత్యధిక భాగం ఫెయిరింగు లేకుండానే కర్మాగారం నుండి వెలువడేవి. అందువలన పాత బండికి ఫెయిరింగు కావలసినవారు దానిని విడిగా సంపాదించి అమర్చుకోవలసి ఉంటుంది. ఈ మార్పు వలన ఇంజను చల్లబడే తీరు, హ్యాండిలు తిరిగే తీరు, ప్రక్కగాలికి బండి నిలిచే తీరు మారతాయి. బండి చారిత్రక విలువపై కూడా దీని ప్రభావం ఉంటుంది.

"వింటేజ్" అనే మాట

బ్రిటనులో 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ వర్గీకరణ ప్రకారం 1915కు ముందు తయారైన బండ్లు "వెటరన్", 1915 నుండి 1930 వరకు తయారైనవి "వింటేజ్". భారతదేశంలో 2021లో వెలువడిన కేంద్ర మోటారు వాహనాల సవరణ నియమాల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, మూలరూపంలో ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వింటేజ్ వాహనాలు. సాధారణ వాడుకలో 1950, 1960 దశకాల బండ్లను కూడా ఈ పేరుతోనే పిలుస్తారు. ఈ వ్యాసంలో ఆ విస్తృతార్థమే గ్రహించబడింది.

సూత్రం

కదిలే వాహనంపై గాలి కలిగించే నిరోధం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం గంటకు 50 కి.మీ. నుండి 100 కి.మీ.కు పెరిగితే గాలి నిరోధం 4 రెట్లు, దానికై ఇంజను వెచ్చించే శక్తి 8 రెట్లు అవుతాయి. నిటారుగా కూర్చున్న మనిషి శరీరం ఈ నిరోధంలో గణనీయమైన భాగానికి కారణం. ఫెయిరింగు గాలిని ఆ శరీరం చుట్టూ మళ్ళించి నిరోధాన్ని తగ్గిస్తుంది. నగర వీధులలో గంటకు 30, 40 కి.మీ. వేగంతో తిరిగే బండికి ఈ లాభం స్వల్పమే. బరువు, వేడి మాత్రం పెరుగుతాయి.

చరిత్ర

మొదట ఫెయిరింగులు వేగపు రికార్డుల కోసం రూపొందాయి. 1937 నవంబరు 28న ఎర్నెస్ట్ హెన్నె పూర్తిగా తొడుగు వేసిన 500 సి.సి. బి.ఎం.డబ్ల్యు. బండిపై జర్మనీలో గంటకు 279.5 కి.మీ. వేగాన్ని సాధించాడు. 1951లో ఎన్.ఎస్.యు. బండిపై విల్‌హెల్మ్ హెర్జ్ గంటకు 290 కి.మీ. చేరే వరకు ఈ రికార్డు నిలిచి ఉంది.

1950లలో ఈ తొడుగులు గ్రాండ్ ప్రి పందేలలోకి ప్రవేశించాయి. ఇటలీకి చెందిన మోటో గుజ్జి సంస్థ మాండెల్లో డెల్ లారియోలోని తన కర్మాగారంలో మనిషితో సహా బండిని నిలిపి పరీక్షించగల గాలి సొరంగాన్ని నిర్మించుకుంది. ముందు చక్రాన్ని కూడా కప్పివేసే ఆనాటి నిండు తొడుగును ఆంగ్లంలో "డస్ట్‌బిన్", అనగా చెత్తడబ్బా, అని పిలిచేవారు. దీనివలన వేగం పెరిగినా, ముందుభాగంలోని పెద్ద ఉపరితలంపై ప్రక్కగాలి తాకినప్పుడు బండి దారి తప్పేది. అంతర్జాతీయ మోటారుసైకిలు సమాఖ్య వీటిని 1958 నుండి నిషేధించింది. అటుపై ముందు చక్రాన్ని, నడిపేవారి చేతులను బయట ఉంచే "డాల్ఫిన్" తరహా ఫెయిరింగు పందేలలో స్థిరపడింది.

రోడ్డు బండ్లలో బ్రిటనుకు చెందిన విన్సెంట్ బ్లాక్ ప్రిన్స్ (1954), ఏరియల్ లీడర్ (1958) తొడుగులతో వెలువడ్డాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1958లో ఎయిర్‌ఫ్లో పేరుతో ఫైబరుగ్లాసు తొడుగుగల నమూనాలను విడుదల చేసింది. 1970ల మొదట్లో అమెరికాలో క్రెయిగ్ వెటర్ రూపొందించిన విండ్‌జామర్, వేరువేరు బ్రాకెట్ల సహాయంతో అనేక రకాల బండ్లకు అమర్చుకోగల ఫెయిరింగుగా ప్రసిద్ధి చెందింది. 1976లో బి.ఎం.డబ్ల్యు. గాలి సొరంగంలో రూపొందించిన నిండు ఫెయిరింగుతో ఆర్100ఆర్ఎస్‌ను విడుదల చేసింది. భారతదేశంలో 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా సగం ఫెయిరింగు గల నమూనాలలో పేరొందింది.

రకాలు

* హ్యాండిలు ఫెయిరింగు: హెడ్‌లైటు చుట్టూ ఉండే చిన్న తొడుగు. హ్యాండిలుతో పాటు తిరుగుతుంది. అమర్చడం, తీయడం సులభం.
* సగం ఫెయిరింగు: పెట్రోలు ట్యాంకు మట్టం వరకు వచ్చి ఇంజనును బయటే ఉంచుతుంది. చట్రానికి బిగిస్తారు.
* నిండు ఫెయిరింగు: ఇంజను ప్రక్కలను, అడుగుభాగాన్ని కూడా కప్పుతుంది. డాల్ఫిన్ తరహా తొడుగు ఈ కోవకు చెందినది.

పదార్థాలు

తొలినాటి ఫెయిరింగులను అల్యూమినియం రేకును చేతితో సాగగొట్టి తయారుచేసేవారు. 1950ల నుండి ఫైబరుగ్లాసు వ్యాప్తిలోకి వచ్చింది. ఇది తేలిక, మరమ్మతుకు అనువైనది. అయితే బోల్టు వద్ద ఒత్తిడి ఎక్కువైతే బీటలు వారుతుంది. ఎదుటి అద్దానికి ఆక్రిలిక్ లేదా పాలికార్బొనేట్ వాడతారు. ఆక్రిలిక్ రంధ్రం చేసేటప్పుడు సులభంగా పగులుతుంది. పాలికార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది కాని పెట్రోలు తగిలితే పాడవుతుంది.

అమర్చే విధానం

1. కొలతలు: పందెపు ఫెయిరింగులు క్రిందికి వంగిన హ్యాండిలుకు, వెనుకకు జరిపిన ఫుట్‌రెస్టులకు తగినట్లు తయారై ఉంటాయి. ఎత్తైన హ్యాండిలు గల మామూలు బండికి వాటిని తగిలిస్తే చేతులు, మోకాళ్ళు అంచులకు తగులుతాయి. కనుక ముందుగా అట్టతో నమూనా కత్తిరించి, టేపుతో బండికి అంటించి, నడిపేవారు పైన కూర్చుని చూడాలి.

2. ఖాళీలు: హ్యాండిలును రెండు వైపులా చివరి వరకు తిప్పినప్పుడు చేతివేళ్ళు, లివర్లు, కేబుళ్ళు తొడుగును తాకరాదు. ముందు ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు చక్రం గాని మడ్‌గార్డు గాని దానికి తగలరాదు. స్టాండుపై నిలిపిన బండిలో ఈ రెండవ లోపం కనిపించదు. అందువలన పట్టీలతో ఫోర్కును చివరి వరకు అణచి చూడాలి. మలుపులో బండి వాలినప్పుడు తొడుగు అడుగుభాగం నేలను తాకని విధంగా ఎత్తు ఉండాలి.

3. బ్రాకెట్లు: బరువులో ఎక్కువ భాగాన్ని చట్రపు ముందుభాగంలో, స్టీరింగు హెడ్డు వద్ద బిగించిన బ్రాకెట్టు మోస్తుంది. రెండు ప్రక్కలా చట్రపు గొట్టాలకు క్లాంపులతో మరి రెండు ఆధారాలు ఇస్తారు. వింటేజ్ బండి చట్రానికి రంధ్రాలు చేయడం గాని వెల్డింగు చేయడం గాని తగదు. గొట్టం బలహీనపడటమే కాక బండిని మళ్ళీ మూలరూపానికి తేవడం కష్టమవుతుంది. క్లాంపు క్రింద రబ్బరు ముక్క వేస్తే గొట్టంపై రంగు చెడదు.

4. బిగింపు: పాత ఒంటి సిలిండరు ఇంజన్ల కంపనం తీవ్రంగా ఉంటుంది. తొడుగును లోహానికి నేరుగా బిగిస్తే రంధ్రాల చుట్టూ బీటలు వస్తాయి. కనుక రంధ్రాన్ని బోల్టు కంటే కొద్దిగా పెద్దదిగా చేసి, రబ్బరు బుష్, వెడల్పాటి వాషర్లు వేసి, వదులు కాని లాక్‌నట్లతో మితంగా బిగించాలి. రంధ్రం చేసే చోట ముందుగా మాస్కింగ్ టేపు అంటిస్తే పైపూత పెచ్చులూడదు.

5. హెడ్‌లైటు, వైరింగు: చట్రానికి బిగించిన ఫెయిరింగులో హెడ్‌లైటును కూడా చేర్చితే అది హ్యాండిలుతో పాటు తిరగదు. కాంతి పడే ఎత్తును కొత్తగా సరిచూడాలి. ఊడదీసిన మూల భాగాలను, వాటి బోల్టులతో సహా, భద్రపరచడం మంచి పద్ధతి.

6. పరీక్ష: మొదట తక్కువ వేగంతో, గాలి లేని రోజున నడిపి, క్రమంగా వేగం పెంచాలి. తొలి ప్రయాణం తరువాత బోల్టులన్నిటినీ మళ్ళీ చూడాలి.

వేడి, స్థిరత్వం

పాత మోటారుసైకిళ్ళలో అధిక భాగం గాలితో చల్లబడే ఇంజన్లు గలవి. సిలిండరు రెక్కలకు గాలి అందకపోతే ఇంజను ఆయిలు పలుచబడి, పిస్టను పట్టివేసే ప్రమాదం ఉంది. గాలి లోపలికి వచ్చే ద్వారంతో పాటు వేడి గాలి బయటకు పోయే ద్వారం కూడా తప్పనిసరి. వెడలే దారి ఇరుకైతే ముందరి ద్వారం ఎంత పెద్దదైనా ప్రయోజనం ఉండదు. 1960ల చివరి కొన్ని ట్రయంఫ్ బండ్లలో విద్యుత్తును నియంత్రించే జెనర్ డయోడు హెడ్‌లైటు క్రింద గాలికి ఎదురుగా ఉంటుంది. తొడుగు దానిని కప్పివేస్తే అది కాలిపోవచ్చును.

ప్రక్కగాలి ఒత్తిడి బండి గరిమనాభికి ముందుగా పడితే బండి గాలి వీచే దిశకు మళ్ళుతుంది. డస్ట్‌బిన్ తొడుగుల లోపం ఇదే. హ్యాండిలుకు బిగించిన పెద్ద తొడుగులో బరువు, గాలి ఒత్తిడి రెండూ నేరుగా స్టీరింగుపై పడి, వేగం పెరిగినప్పుడు హ్యాండిలు ఊగవచ్చును. అందుచేత హ్యాండిలుపై చిన్న తొడుగులను మాత్రమే ఉంచి, పెద్దవాటిని చట్రానికి బిగిస్తారు.

చట్టం, చారిత్రక విలువ

భారత మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు తొలుత నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని బలపరుస్తూ తీర్పునిచ్చింది. 2021 నియమాల క్రింద వింటేజ్ గుర్తింపు పొందాలంటే వాహనం మూలరూపంలో ఉండి, ప్రధానమైన మార్పులకు లోను కాకుండా ఉండాలి. ఈ గుర్తింపు కోరేవారు ఫెయిరింగు బిగించక ముందే ఈ విషయాన్ని రవాణా శాఖ కార్యాలయంలో నిర్ధారించుకోవడం అవసరం.

ఆ బండి కాలానికి చెందిన ఫెయిరింగును సేకర్తలు చరిత్రలో భాగంగా పరిగణించవచ్చును. తరువాతి కాలపు తొడుగు మూలరూపానికి విరుద్ధంగా కనిపిస్తుంది. ఏ తొడుగైనా జాడ మిగలకుండా తిరిగి తీయగలిగేలా బిగిస్తే బండి విలువకు నష్టం తక్కువ.

ఇవి కూడా చూడండి

* మోటారుసైకిలు
* గాలి సొరంగం
* రాయల్ ఎన్‌ఫీల్డ్