క్రాంకుషాఫ్టు పుట్టుపూర్వోత్తరములు

ఢిల్లీకి నైరృతి దిశయందు, పూర్వము పప్పన్‌కలాన్ అని పిలువబడి నేడు ద్వారకగా వ్యవహరింపబడు ఉపనగరములోని యశోభూమి భవనమున, 2025 జనవరిలో మోటారు విడిభాగముల మహాప్రదర్శనము జరిగినది. నేటి కారునకు ఏ అంగము కావలసినను సంఖ్య చెప్పి తెప్పించుకొనవచ్చును. కాని అదే మహానగరమున స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఆరంభించిన పాతకార్ల ర్యాలీ వంటివానికి తమ వాహనములను సిద్ధపఱచువారికి, ఇంజను గర్భమునందలి క్రాంకుషాఫ్టు చీలినచో, దానికి సాటియైనది లభించుట దుర్ఘటము. కావున అది ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినదో ఎఱుగుట, దానిని బాగుచేయబూనువానికి ప్రథమ కర్తవ్యము.

తిరుగుడును ముందువెనుకల కదలికగా మార్చు ఈ వంకర ఇరుసు క్రీస్తుశకము మూడవ శతాబ్దిలోనే, నేటి టర్కీలోని హైరాపోలిస్ నగరపు రాతికోత యంత్రమున ఉండెనని అచటి సమాధిశిల్పము సాక్ష్యమిచ్చుచున్నది. 1206లో అల్ జజరీ నీటిని పైకెత్తు యంత్రమునకు దీనినే కూర్చెను. ఆవిరియంత్రమునకు దీనిని తగిలించు హక్కును 1780లో జేమ్స్ పికార్డ్ పేటెంటుగా పొందుటచే, జేమ్స్ వాట్ అంతటివాడు వేఱుదారి వెదకి పళ్లచక్రములను ఆశ్రయింపవలసివచ్చెను.

మోటారుకారు వచ్చిన పిమ్మట అసలు చిక్కు బయటపడెను. ఆరు సిలిండర్ల ఇంజనులో పొడవైన షాఫ్టు ఒక్కొక్క విస్ఫోటమునకు తడిబట్ట పిండినట్లు మెలిపడి, ఆ మెలికయే కంపనమై, తుదకు ఉక్కునే విఱుచుచుండెను. 1906లో వెలువడిన రోల్స్‌రాయిస్ 40/50లో హెన్రీ రాయిస్ షాఫ్టును దృఢపఱచి, ఏడు బేరింగులపై నిలిపెను. హైదరాబాదు చౌమహల్లా సౌధమునందలి నిజాము పసుపువన్నె సిల్వర్ ఘోస్టు ఆ వంశములోనిదే. చవుకైన కార్లకు అట్టి భాగ్యము లేకపోయెను: తొలినాటి ఆస్టిన్ సెవెన్‌కు రెండే బేరింగులు, యుద్ధానంతరపు ఎం.జి. టి.సి.కి మూడు, 1962లో మూడింటితోనే పుట్టిన ఎం.జి.బి. 1964లో ఐదింటిని పొందెను. జాగ్వార్ ఎక్స్.కె. ఇంజను మాత్రము 1948 నుండియే ఏడింటిపై తిరిగెను. టి.సి. షాఫ్టును జాగ్వార్ షాఫ్టువలె నిర్భయముగా పరుగెత్తింపరాదనుటకు కారణమిదియే.

బాగుచేయుటలో తొలిపని సానపట్టుట కాదు, పరీక్ష. నూనెమార్గముల బిరడాలను ఊడదీసి, దశాబ్దములుగా లోపల గట్టిపడిన మడ్డిని తొలగించి, షాఫ్టును అయస్కాంతీకరించి సన్నని ఇనుపరజను చల్లినచో, కంటికి అగపడని పగులు గీతగా తేలును. బేరింగునందు తిరుగు భాగమైన జర్నలు ప్రక్కపలకతో కలియు మూలయందు అట్టి గీత కనబడిన షాఫ్టును, ఎంత అపురూపమైనదైనను, పరిత్యజింపవలసినదే. పగులు లేనిచో మైక్రోమీటరుతో అరుగుదలను, గుండ్రతనపు లోపమును కొలిచి, అంగుళములో వెయ్యవవంతులు పదియో ఇరువదియో తఱిగి, అందులకు తగిన మందపు బేరింగు షెల్లులను వేయుదురు. ఆ మూలలందలి గుండ్రని ఒంపును పదునుగా కోసిన పనివాడు క్రొత్త పగులునకు తానే బీజము నాటినవాడగును. ఉపరితలమును గట్టిపఱచు నైట్రైడింగు చేసిన షాఫ్టునందు కఠినపు పొర మిక్కిలి పలుచన గనుక, తఱిగిన పిదప దానిని మరల గట్టిపఱుపవలసి వచ్చును.

2021 జూలైలో సవరింపబడిన కేంద్ర మోటారు వాహన నియమములు, ఏబదియేండ్లు దాటి, ఇంజనులోగాని చాసిస్‌లోగాని పెనుమార్పు పొందని వాహనములనే వింటేజి తరగతిలో నమోదు చేయించుకొననిచ్చుచున్నవి. కావున ర్యాలీకి మాత్రమే పోవు కారునకు పాత షాఫ్టునే ఉద్ధరించుట ఉచితమని నా నిశ్చయము. పందెమున పరుగెత్తు కారునకైనచో క్రొత్త మిశ్రలోహపు ఉక్కు షాఫ్టును చేయించి, ఫ్లైవీలుతో కూడ సమతుల్యము చేసి బిగించి, పాతదానికి గ్రీజుపూసి, వంగకుండునట్లు నిలువున వ్రేలాడదీసి, ఆ కారుతోడనే భద్రపఱుపవలయును.