పర్లాకిమిడి చిన్న పొగబండి

మన అమరావతికి పొగబండి రాలేదు. మన స్తూపపు శిలాఫలకములు 1859లో మద్రాసునుండి ఓడనెక్కి లండనుకు పోయినవి గాని, మన తాతలు రైలెక్కవలెనన్న గుంటూరు దాక బండి కట్టుకొని పోవలసినదే. 2024లో ఎర్రుపాలెము–అమరావతి–నంబూరు మార్గమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలుపుటతో రైలు మాట మరల మన అరుగులమీదికి వచ్చినది. ఇట్టి సమయమున, తనకు తగిన చిన్న రైలును తానే తెచ్చుకొన్న ఒక తెలుగు సీమ వృత్తాంతమును చదువరులకు మనవి చేయదలచితిని.

ఆ సీమ పూర్వపు గంజాము జిల్లాలోని పర్లాకిమిడి జమీ. మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్దలైను సముద్రతీరమున నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా సాగినది. మహేంద్రతనయ నది యొడ్డున నున్న పర్లాకిమిడి పట్టణము అచ్చటికి దాదాపు 25 మైళ్ళు. రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవు 1898లో అనుమతి పొంది, సుమారు 7 లక్షల రూపాయలు వెచ్చించి, 1900 ఏప్రిల్ 1న బండి నడిపించెను. రాజుగారి సొమ్మనగా రైతులు కట్టిన శిస్తే యని వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్దలైను పట్టాల నడుమ ఎడము 5 అడుగుల 6 అంగుళములు. గుంటూరు–మాచర్ల మార్గమున పూర్వముండిన మీటరు లైనుకు 3 అడుగుల 3 అంగుళములకు పైచిలుకు. పర్లాకిమిడి లైనుకు రెండున్నర అడుగులే. మన యెడ్లబండి చక్రముల ఎడము దీనికంటె ఎక్కువ! ఈ పొదుపు రాజుగారి కల్పన కాదు. వేల్సు దేశపు ఫెస్టినియోగు పలకరాతి గనుల రైలు రెండడుగులకు లోపుగానే యుండియు 1863 నుండి ఆవిరి యింజనులతో నడిచినది. మనదేశమున షోలాపూరు ప్రాంతపు బార్శీ రైలు 1897లో రెండున్నర అడుగుల లైనుతోనే మొదలైనది. పట్టాలు దగ్గరగా నున్నచో కట్ట వెడల్పు తగ్గును, వంతెన చిన్నదగును, గుట్ట అడ్డమైన త్రవ్వక చుట్టి పోవచ్చును. పెద్దలైనే కావలెనని పట్టుబట్టియుండిన, పర్లాకిమిడికి ఆనాడు ఏ లైనును రాకపోయెడిదని నా యభిప్రాయము.

ఇంజను సంగతి. ఇంగ్లండులోని స్టోకు పట్టణపు కెర్ స్టూవర్టు కంపెనీవారు చేసిన యింజను లీ లైనున నడిచినవి. వానికి వెనుక బొగ్గుబండి వేరుగా లేదు. బాయిలరునకు ఇరుప్రక్కల నీటితొట్లు, డ్రైవరు వెనుకనే బొగ్గు. ఆరు చక్రములను ఇనుప కడ్డీలు కలిపియుంచును గాన ఆరును ఒక్కమారే లాగును. కొలిమి వేడి గొట్టములగుండ పోయి నీటిని ఆవిరిచేయగా, ఆ యావిరి సిలిండరులోని పిస్టనును ముందు వెనుకలకు త్రోయును. బాయిలరు చిన్నదగుటచే ఆవిరి నిలువయు స్వల్పమే. ఎత్తు ఎక్కునపుడు కొలిమివాడు ఒక్క నిమిషము ఏమరినను బండి బరువెక్కును.

తొలి సంవత్సరములలో లైనుకు నష్టమే వచ్చినది. 1902లో నిర్వహణ బెంగాలు నాగపూరు రైల్వేవారికి అప్పగింపబడినది. 1910 తరువాతగాని స్వల్ప లాభము కనబడలేదు. 1924–25 తరువాత అది పెరుగగా, రాజా కృష్ణచంద్ర గజపతి 1929, 1931 సంవత్సరములలో రెండు విడతలుగా లైనును వంశధార లోయలోని గుణుపురము వరకు పొడిగించెను. మొత్తము 90 కిలోమీటర్లు.

1936 ఏప్రిల్ 1న, లైను పుట్టిన తేదీనాడే, ఒరిస్సా రాష్ట్ర మేర్పడినది. పర్లాకిమిడి అటు, టెక్కలి, పాతపట్నము ఇటు. 1880 నుండి ఆ యూర నివసించి సవర భాషకు వ్యాకరణము సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు మనసు నొచ్చి రాజమహేంద్రవరము చేరిరి. (వ్యావహారికమునకై పోరాడిన వారి ప్రస్తావన గ్రాంథికమున చేయుచున్నందుకు క్షమింతురు గాక.) పొగబండి మాత్రము సరిహద్దు నెరుగక, పాతపట్నమున నీలిగి పర్లాకిమిడిలో దిగు జనమును మునుపటివలెనే మోసినది.

1990 తరువాతి తొలి సంవత్సరములలో ఆవిరి యింజనుల స్థానమున డీజిలు వచ్చినది. 2004లో చిన్నలైను మూయబడి, ఆ మార్గముననే 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురమునకు పెద్దలైను చేరినది. ఆ చిన్న యింజనులలో ఒకటి ఢిల్లీ జాతీయ రైలు ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది.