ఎయిర్ ఫ్రయర్‌లో ఆలుగడ్డ: క్రెడిట్ ఎవరికి?

ఎయిర్ ఫ్రయర్ కొన్న ప్రతి ఇంట్లో మొదటి నెల ఏం జరుగుతుందో మా ఇంట్లోనూ అదే జరిగింది. మొదట సమోసాలు, తర్వాత చికెన్, ఆ తర్వాత అప్పడాలు (ఫ్యాన్ గాలికి ఎగిరి పైన హీటర్‌కి తగులుకున్నాయి, మీరెవరూ ప్రయత్నించకండి), చివరికి బేక్డ్ పొటాటో. దుంపని కడిగి, తుడిచి, ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిచి, కాస్త నూనె, ఉప్పు రాసి 200 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు పెట్టా. తోలు బ్రహ్మాండంగా కరకరలాడింది. కోసి చూస్తే లోపల మాత్రం మామూలు ఉడికిన ఆలుగడ్డే! తడితడిగా, జిగురుగా ఉంది. వెన్న పైనే కూర్చుంది తప్ప లోపలికి దిగలేదు.

మన వృత్తిధర్మం ప్రకారం మొదట మెషీన్‌నే అనుమానించా. టెంపరేచర్ మార్చా, టైము మార్చా, మధ్యలో తిప్పి చూశా. మూడు ఆదివారాలు అయిపోయాయి. నాలుగో ఆదివారం కూరగాయలాయన మామూలుగా అడిగాడు, "కూరకా సార్, చిప్స్‌కా?" అని. రెండూ ఆలుగడ్డలే కదా అన్నా. "కాదు సార్, చిప్స్‌ది వేరే ఉంటది. అండ్ల నీళ్ళు తక్కువ" అన్నాడు. తెచ్చా. అదే మెషీన్, అదే 200, అదే 45. విప్పితే లోపల పిండిలా పొడిపొడిగా విడిపోయింది.

అంటే బగ్ హార్డ్‌వేర్‌లో లేదు, ఇన్‌పుట్‌లో ఉంది. మరి ఇన్నాళ్ళూ పొగడ్తలన్నీ పెట్టెకే ఎందుకు వెళ్తున్నాయి? బాగా కాలిన ఒక ఆలుగడ్డకి అసలు క్రెడిట్ ఎవరికివ్వాలి? మన పద్ధతిలోనే చూద్దాం, గిట్ బ్లేమ్ కొట్టి ఒక్కో లైను ఎవరు రాశారో వెనక్కి వెళ్తూ.

అన్నిటికంటే పైనున్న కమిట్ 2010ది. ఆ ఏడాది బెర్లిన్‌లో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఫిలిప్స్ 'ఎయిర్ ఫ్రయర్' అన్న పేరుతో ఒక పెట్టెని చూపించింది. దాని వెనకున్న మనిషి ఫ్రెడ్ వాన్ డెర్ వెయ్ అనే డచ్ ఇంజనీరు. ముంచి వేయించకుండా మంచి ఫ్రెంచ్ ఫ్రైస్ రావాలని ఆయన పట్టుదల. చూడండి, మొదలే ఆలుగడ్డతో! కానీ ఆ పెట్టెలో 'ఫ్రై' ఏమీ లేదు. పైన ఒక హీటరు, దాని మీద ఒక ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. అంతే. ఇది చిన్న కన్వెక్షన్ ఓవెన్.

ఆ ఓవెన్ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, విమానాల్లోంచి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945 ప్రాంతంలో, విలియం మాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు విమానంలో వేడి భోజనం పెట్టడానికి ఒక ఏర్పాటు చేశాడు. మాంసం, కూర, ఆలుగడ్డ మూడు గదుల పళ్ళెంలో గడ్డకట్టించి, పైకెళ్ళాక ఫ్యాను ఉన్న చిన్న ఓవెన్‌లో వేడిచేయడం. ఆ ఓవెన్‌కి 'వర్ల్‌విండ్', అంటే సుడిగాలి అని పేరు పెట్టాడు. 1947లో ఆయన పోయాడు, వ్యాపారం పెద్దగా సాగలేదు, ఐడియా మాత్రం మిగిలింది.

ఇంతకీ ఫ్యాను చేసే పనేంటి? వేడి ఓవెన్‌లో పెట్టిన దుంప చుట్టూ దాని ఆవిరితోనే తడిసిన, కాస్త చల్లటి గాలి పొర ఒకటి పట్టుకుని ఉంటుంది. ఫ్యాను దాన్ని ఊడ్చేస్తుంది. అందుకే తోలు త్వరగా ఎండి కరకరలాడుతుంది. కానీ తోలు దాటాక ఫ్యాను చేయగలిగింది చాలా తక్కువ. అక్కణ్ణుంచి వేడి దుంపలోంచే మెల్లగా పాకాలి. లోపల పిండిపదార్థం ఎక్కువుంటే ఆ కణాలు ఉబ్బి, ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి పొడిపొడిగా అవుతాయి. నీళ్ళెక్కువుంటే అతుక్కునే ఉంటాయి. అంటే మొదటి ఆదివారం వచ్చిన రిజల్ట్ కరెక్టే అన్నమాట. తోలు వరకు క్రెడిట్ మెషీన్‌ది. లోపలిది దుంపది.

అలాగైతే దుంప వెంట పడదాం. పొడిపొడిగా కాలే దుంప అంటే అమెరికాలో ఎవరైనా చెప్పే పేరు రసెట్ బర్బ్యాంక్. దాన్ని హోటల్ భోజనం స్థాయికి తెచ్చింది ఒక రైలు కంపెనీ. నార్తర్న్ పసిఫిక్ రైల్వేలో డైనింగ్ కార్ల బాధ్యత చూసే హేజెన్ టైటస్‌కి వాషింగ్టన్ రాష్ట్రం యాకిమా లోయ రైతుల గోడు తెలిసింది. దుంపలు ఒక్కొక్కటి కిలోకి కాస్త తక్కువగా పెరిగిపోతున్నాయి, తోలు మందం, ఎవరూ కొనట్లేదు, పందులకి వేస్తున్నామని. టైటస్ వాటిని తెప్పించి ఓవెన్‌లో నిదానంగా కాల్పించాడు. అద్భుతం! 1909 నుంచి రైల్లో వెన్న పెట్టి 10 సెంట్లకి ఒకటి అమ్మారు. ఎంత పేరొచ్చిందంటే, రైల్వే తన దారినే 'గ్రేట్ బిగ్ బేక్డ్ పొటాటో' దారి అని ప్రచారం చేసుకుంది. పందుల మేత కాస్తా బ్రాండ్ అయింది. ఇక్కడ కూడా ఓవెన్ కొత్తది కాదు. కొత్తగా చూసింది దుంపని.

ఆ దుంప తాత పేరు బర్బ్యాంక్. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ఆలుగడ్డని మనం ముక్క కోసి పాతుతాం కదా, అలా వచ్చేది అచ్చం తల్లి కాపీనే. కొత్త రకం కావాలంటే పువ్వు కాయ కాసి, దాన్లో గింజ రావాలి. 1872 ప్రాంతంలో మసాచుసెట్స్‌లో లూథర్ బర్బ్యాంక్ అనే కుర్ర రైతుకి, మామూలుగా కాయలు కాయని 'ఎర్లీ రోజ్' మొక్కకి ఒక్క కాయ కనిపించింది. అందులో 23 గింజలు. వాటిలోంచి వచ్చిన ఒక మొక్కే ఈ రకం. 1875లో ఒక విత్తనాల వ్యాపారికి 150 డాలర్లకి హక్కులన్నీ అమ్మేసి, ఓ పది దుంపలు వెంట పెట్టుకుని కాలిఫోర్నియాకి రైలెక్కాడు. తర్వాతెప్పుడో దాన్లోనే గరుకు తోలు రూపం ఒకటి బయటపడింది. అదే మన రసెట్. ఎన్ని వేల ఎకరాల పంటకి మూలమో లెక్కేస్తే, 150 డాలర్లు అన్యాయమే.

మరి బర్బ్యాంక్ సొంతంగా రాశాడా? లేదు, ఫోర్క్ చేశాడు. ఎర్లీ రోజ్‌ని 1861లో తీసింది వెర్మాంట్ రైతు ఆల్బర్ట్ బ్రెసీ. ఆయన దాన్ని 'గార్నెట్ చిలీ' గింజలోంచి తీశాడు. గార్నెట్ చిలీని 1853లో తీసింది న్యూయార్క్ రాష్ట్రంలో చాన్సీ గుడ్‌రిచ్ అనే పాస్టరు గారు. పాస్టరుకి ఆలుగడ్డలెందుకంటే, ఐర్లండ్ కారణంగా. 1845లో అక్కడ తెగులు పడింది. పేదలంతా 'లంపర్' అనే ఒకే రకం మీద బతుకుతున్నారు. ఒకే కాపీ, వందల వేల పొలాల్లో. ఆ కరువులో దాదాపు 10 లక్షల మంది పోయారు, ఇంకో 10 లక్షల మంది దేశం వదిలారు. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం మీటింగుల్లో తేలిగ్గా వాడే మాటకి అసలు అర్థం అది. అదే తెగులు అమెరికా పొలాల్నీ కొట్టింది. ముక్కలు పాతీ పాతీ దుంప నీరసించిపోయిందని, కొత్త రక్తం కావాలని గుడ్‌రిచ్ నమ్మాడు. సిద్ధాంతం తప్పు, తెగులు ఒక బూజులాంటి జీవి వల్ల వస్తుంది. కానీ చేసిన పని గొప్పది. 1851లో పనామాలోని అమెరికా కాన్సల్ ద్వారా దక్షిణ అమెరికా దుంపలు కొన్ని తెప్పించుకున్నాడు. వాటిలో ఒకదాని పేరు 'రఫ్ పర్పుల్ చిలీ'. గార్నెట్ చిలీకి తల్లి అదే.

ఇక్కడితో పేర్లున్న కమిట్లు అయిపోయాయి. దీనికింద ఉన్నదంతా పేరు లేని మనుషుల పని. టిటికాకా సరస్సు చుట్టుపక్కల, ఇప్పటి పెరూ, బొలీవియా కొండల్లో, సుమారు 8 వేల ఏళ్ళ కిందట విషపు చేదున్న అడవి దుంపని తినేలా మార్చిన రైతులు. వాళ్ళు పెంచిన రకాల్లో 4 వేలకు పైగా ఇప్పుడు లీమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం దాచి ఉంచుతోంది. కాల్చడం కూడా వాళ్ళ దగ్గర ఉన్నదే. పొలంలోనే మట్టిగడ్డలతో చిన్న గుమ్మటం కట్టి, లోపల మంటపెట్టి, గడ్డలు బాగా కాగాక దుంపలు వేసి గుమ్మటాన్ని వాటిమీదే కూల్చేస్తారు. 'వాతియా' అంటారు. మన ఊళ్ళల్లో పొయ్యి బూడిదలో చిలగడదుంపలు కాల్చుకున్నట్టే. ఫ్యానూ లేదు, కరెంటూ లేదు.

మన 'బంగాళాదుంప' అన్న పేరులో బెంగాల్ ఉంది. కానీ బెంగాల్ కూడా మధ్యలో ఒక స్టేషనే, బయల్దేరింది ఆ కొండల్లోంచి. ఇక్కడికొచ్చాక మన కూరలకి తగ్గట్టు రకాలు తయారుచేసింది ప్రభుత్వ శాస్త్రవేత్తలు. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకి మారిన కేంద్ర ఆలుగడ్డ పరిశోధనా సంస్థ, పక్కనున్న కుఫ్రీ అనే ఊరి పేరు మీద 'కుఫ్రీ జ్యోతి' (1968) లాంటి రకాలు ఇచ్చింది. చిప్స్ కోసం నీళ్ళు తక్కువుండే 'కుఫ్రీ చిప్సోనా' 1998లో వచ్చింది. మన కూరగాయలాయన 'కూరకా, చిప్స్‌కా' అన్న ప్రశ్న వెనక ఇంత కథ ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీళ్ళు తక్కువున్న దుంప కోసమే మన దేశంలో కోర్టు గొడవ జరిగింది. చిప్స్‌కి వాడే ఎఫ్‌ఎల్ 2027 అనే రకాన్ని పెప్సికో ఇక్కడ రిజిస్టర్ చేయించుకుంది. అది పండించారని 2019లో గుజరాత్‌లో నలుగురు రైతుల మీద, ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయల పైన కోరుతూ దావా వేసింది. దేశమంతా గోల అయ్యాక మే నెలలో వెనక్కి తీసుకుంది. కవిత కురుగంటి వేసిన పిటిషన్ మీద 2021 డిసెంబర్లో ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది. 2023లో ఢిల్లీ హైకోర్టు జడ్జి ఆ రద్దు సరైనదే అన్నారు. 2024 జనవరిలో అదే కోర్టు డివిజన్ బెంచ్ రద్దుని కొట్టేసింది.

కంపెనీ పరిశోధనకి డబ్బు రాకూడదని నేననను. బర్బ్యాంక్‌కి దక్కిన 150 డాలర్లు చూశాం కదా. కానీ ఆలుగడ్డకి ఒక ఇబ్బంది ఉంది. తినేదీ అదే, విత్తనమూ అదే. అమెరికాలో 1930లో మొక్కల పేటెంట్ చట్టం చేసినప్పుడు కూడా దుంపతో పెరిగే పంటల్ని దాన్లోంచి తీసేశారు. మన 2001 చట్టం, సెక్షన్ 39, బ్రాండ్ పేరు పెట్టి అమ్మనంతవరకు రైతు తన పంటని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది. ప్రపంచంలో చాలా దేశాల చట్టాల కంటే ఇది రైతు పక్షం. నా ఉద్దేశంలో సరైన లైసెన్స్ ఇదే. 8 వేల ఏళ్ళు ఓపెన్ సోర్స్‌గా వచ్చిన కోడ్ మీద చివరి పది లైన్లు రాసినవాడు ఆ పది లైన్లకి ఫీజు అడగొచ్చు. కిందున్న రైతుని కోర్టుకి లాగకూడదు.

అదండీ సంగతి. ఈసారి బేక్డ్ పొటాటో సరిగ్గా రాకపోతే మెషీన్ రివ్యూలు చదవడం మానేసి ఏ రకం దుంపో అడగండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి పిండి చక్కెరగా మారుతుంది. పొయ్యి దిగగానే చీల్చి ఆవిరి పోనివ్వండి. తోలు బాగా వస్తే డచ్చాయనకి థాంక్స్ చెప్పండి. లోపల బాగా వస్తే చెప్పాల్సిన వాళ్ళ లిస్టు పెద్దది, అందులో చాలామందికి పేర్లు కూడా లేవు.