కావలికే కన్నం: ప్యాకెట్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో సేవానిరాకరణ దోషాల చరిత్ర

నెట్‌వర్కులో ప్రవహించే ప్యాకెట్లను పట్టి చదివే సాఫ్ట్‌వేరును మంచె మీది కావలివాడితో పోల్చవచ్చు. ఆ కావలివాడినే పడగొట్టే దోషాలు దశాబ్దాలుగా ఎందుకు బయటపడుతూనే ఉన్నాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. వీటిని ప్రోగ్రామర్ల అజాగ్రత్తగా మాత్రమే లెక్కించడం చరిత్రను కుదించడమే అవుతుంది.

1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వ్యాన్ జాకబ్సన్, స్టీవెన్ మెక్‌కాన్, క్రెయిగ్ లెరెస్ టి.సి.పి.డంప్‌ను రూపొందించారు. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఇథీరియల్‌ను విడుదల చేశారు. వ్యాపారచిహ్నం ఆయన పూర్వ సంస్థ వద్దే ఉండిపోవడంతో 2006లో అది వైర్‌షార్క్‌గా పేరు మార్చుకుంది. ఈ పరికరపు బలం డిసెక్టర్లలో ఉంది. ఒక్కొక్క ప్రోటోకాల్‌ను విడదీసి చదివే ఈ భాగాలను అనేక దేశాల స్వచ్ఛంద రచయితలు ఎక్కువగా సి భాషలో రాశారు. బలహీనతకూ మూలం అదే.

ప్యాకెట్టు తన పొడవును తానే చెప్పుకుంటుంది. డిసెక్టర్ ఆ మాట నమ్మి అంతమేర ముందుకు జరుగుతుంది. దాడిచేసేవాడు పొడవును సున్నా అని రాసి పంపితే, సరిచూడని డిసెక్టర్ చదివినచోటే మళ్లీ మళ్లీ చదువుతూ అంతులేని ఆవృత్తిలో చిక్కుకుంటుంది. ఉన్నదానికంటే ఎక్కువ రాస్తే హద్దు దాటి చదివి కూలిపోవచ్చు. ప్యాకెట్టు నేరుగా రానక్కరలేదు. భద్రపరచిన ఫైలును తెరిచినా చాలు. దాడి సాగుతున్న వేళే పరిశీలకుడి చూపు పోవడం ఇక్కడ అసలు నష్టం.

2004 ఈ చరిత్రలో కీలకమైన సంవత్సరం. ఆ మార్చిలో విట్టీ అనే వార్మ్, ఐ.ఎస్.ఎస్. సంస్థ భద్రతా ఉత్పత్తులలో ఐ.సి.క్యూ. ప్యాకెట్లను చదివే భాగంలోని దోషం గుండా ప్రవేశించి సుమారు 12,000 కంప్యూటర్లకు సోకింది, వాటి డిస్కులను చెరిపింది. రక్షణ కోసం కొన్నదే ప్రవేశద్వారమైంది. అదే ఏడాది ఓపెన్‌బి.ఎస్.డి. బృందం దోషాల సంఖ్యను చూసి ఇథీరియల్‌ను తన పోర్ట్స్ సంచయం నుంచి తొలగించింది. ఈ నిర్ణయం కఠినమే గాని అకారణం కాదు.

వైర్‌షార్క్ తరువాత ఎంచుకున్న మార్గం వేరు. ప్యాకెట్లను పట్టే పని మాత్రమే ప్రత్యేక అధికారాలు గల డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రాముకు అప్పగించి, విడదీసి చదివే పనిని సాధారణ వినియోగదారు అధికారాలతో నడిపించింది. దీనివల్ల డిసెక్టర్ కూలినా యంత్రమంతా దాడిదారు వశమయ్యే ప్రమాదం తగ్గింది. కూలడం మాత్రం ఆగలేదు. 2024 జనవరిలో సైతం హెచ్.టి.టి.పి.3 డిసెక్టర్‌లో ఇటువంటి దోషాన్ని ప్రకటించారు.

మన దేశంలో 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ వైర్‌షార్క్ దోషాలపై హెచ్చరికలు వెలువరిస్తూ వస్తోంది. నెల్లికుదురు వంటి మండలాల నుంచి వచ్చి ఇంజనీరింగు చదివే విద్యార్థికి ఈ పరికరం పరిచయమయ్యేది కళాశాల ప్రయోగశాలలోనే. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఆర్18 పాఠ్యప్రణాళికలో ప్యాకెట్ల సేకరణ, వీక్షణ, గణాంకాలు, వడపోత వైర్‌షార్క్ ప్రయోగాలుగా ఉన్నాయి. ఏ అధికారాలతో దానిని నడపాలన్న అంశం ఆ వరుసలో ప్రత్యేకంగా లేదు. దానిని చేర్చడానికి అదనపు యంత్రం అవసరం లేదు. ఒక ప్రయోగ తరగతి చాలు.