కుందేలు పిల్లను ఇంటికి తెస్తున్నారా? తల్లి నుంచి ఎన్ని వారాలకు వేరు చేయాలో తెలుసా.. తొందరపడితే ప్రాణానికే ముప్పు!

తెల్లటి దూదిపింజలా ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. సంతలోనో, పెట్ షాపు ముందో కుందేలు పిల్ల కనిపిస్తే చాలు.. కొనివ్వమని పిల్లలు మారాం చేస్తారు. సరేనని ఇంటికి తెస్తారు. మొదటి రెండు రోజులు గంతులే గంతులు. మూడో రోజుకు మేత ముట్టదు, ఓ మూల ముడుచుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత విరేచనాలు. వారం తిరిగేలోపే చనిపోతుంది. దిష్టి తగిలిందనో, వాతావరణం పడలేదనో ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కానీ చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. ఇంకా తల్లి దగ్గరే ఉండాల్సిన వయసులో ఆ పిల్లను విడదీసేశారు.

మరి కుందేలు పిల్ల తల్లిని విడిచి రావడానికి సరైన వయసు ఎంత? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. ఇంట్లో పెంచుకునే పిల్లకు 8 వారాలు. అంటే దాదాపు రెండు నెలలు. మాంసం కోసం పెంచే ఫారాల్లో మాత్రం 4 నుంచి 6 వారాలకే పాలు మాన్పిస్తారు. ఈ రెండు లెక్కలూ ఎందుకు వేరు? మధ్యలో ఉన్న ఆ కొన్ని వారాల్లో పిల్ల పొట్టలో ఏం జరుగుతుంది? ఇది తెలిస్తే ఎవరూ తొందరపడరు.

పుట్టినప్పటి నుంచి వారం వారం ఇలా..

కుందేలు చూలు దాదాపు 31 రోజులు. ఈనిన రోజు పిల్లల ఒంటిమీద బొచ్చు ఉండదు. కళ్లు తెరుచుకోవు, చెవులు వినపడవు. తల్లి తన ఒంటి బొచ్చునే పీకి గూట్లో పరుస్తుంది. ఆ వెచ్చదనంలోనే పిల్లలు బతుకుతాయి.

వారం రోజులకు సన్నటి బొచ్చు వస్తుంది. 10 నుంచి 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. రెండున్నర, మూడు వారాలకు గూడు దాటి బయటకొచ్చి తల్లి తినే గడ్డిని కొరికి చూస్తాయి. సరిగ్గా ఇక్కడే చాలామంది పొరబడతారు. 'గడ్డి తింటోంది కదా, ఇక తల్లితో పనేముంది' అనుకుంటారు. కానీ మేత కొరకడం మొదలుపెట్టడం వేరు, దాన్ని అరిగించుకుని సొంతంగా బతకడం వేరు. మూడో వారంలో తల్లి దగ్గర పాలు బాగా పడతాయి. నాలుగో వారం నుంచి తగ్గుతూ వస్తాయి. పాలు తగ్గేకొద్దీ పిల్ల మేత పెంచుకుంటూ పోతుంది. ఈ మార్పు ఒక్క రోజులో అయ్యేది కాదు, వారాల తరబడి సాగుతుంది.

రోజుకు ఒక్కసారే పాలు.. అదీ నాలుగైదు నిమిషాలే!

తల్లి కుందేలు ఆవులా, మేకలా పిల్లలను వెంట తిప్పుకోదు. కోడిలా పొదుగుతూ కూర్చోదు. రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు గూట్లోకి వెళ్తుంది. మూడు నాలుగు నిమిషాల్లో పాలిచ్చి బయటకొచ్చేస్తుంది. అడవిలో తన వాసన పట్టుకుని శత్రు జంతువులు గూటి దాకా రాకుండా ఉండేందుకు కుందేళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు ఇది. తక్కువసేపే ఇచ్చినా ఆ పాలు ఆవు పాల కంటే చాలా చిక్కగా ఉంటాయి. కొవ్వు, మాంసకృత్తులు రెండూ ఎక్కువే.

ఈ విషయం తెలియక 'తల్లి పిల్లలను పట్టించుకోవట్లేదు' అని కొందరు ముందే వేరు చేస్తుంటారు. తల్లి పాలిస్తోందో లేదో తెలుసుకోవడానికి ఉదయాన్నే పిల్ల పొట్ట చూస్తే చాలు. పొట్ట గుండ్రంగా, బిగువుగా ఉంటే పాలు తాగినట్టే. ముడతలు పడి లోపలికి పోయి ఉంటే ఆకలితో ఉన్నట్టు. పెంపుడు కుందేలు పిల్లలను మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న భయం కూడా చాలావరకు అపోహే. చేతులు కడుక్కుని, తల్లికి కంగారు పుట్టించకుండా చూసి వచ్చేయొచ్చు.

అసలు ముప్పు పొట్టలోనే

పెద్ద కుందేలు కడుపులో ఆమ్లం చాలా ఘాటుగా ఉంటుంది. మేతతో వచ్చే క్రిములు అక్కడే చచ్చిపోతాయి. పాలు తాగే పిల్లకు ఆ ఘాటు ఉండదు. మరి క్రిముల నుంచి కాపాడేది ఏంటి? తల్లి పాలే. ఆ పాలు పిల్ల కడుపులోకి వెళ్లాక వాటిలోని కొవ్వు నుంచి క్రిములను అడ్డుకునే పదార్థాలు తయారవుతాయి. పిల్లకు అదే రక్షణ కవచం.

పాలు ఆగిపోతే ఆ కవచం పోతుంది. కడుపులో ఆమ్లం ఘాటెక్కడానికి మాత్రం టైమ్ పడుతుంది. గడ్డిని పులియబెట్టి అరిగించే మంచి బ్యాక్టీరియా కూడా పేగుల్లో ఒక్కసారిగా పుట్టుకురాదు. గూట్లో తల్లి వదిలిన పెంటికలను కొరకడం ద్వారా ఆ బ్యాక్టీరియా పిల్లకు కొద్దికొద్దిగా అందుతుంది. చూడ్డానికి అసహ్యంగా అనిపించినా, పిల్ల బతుక్కి అది అవసరం.

అంటే నాలుగైదు వారాల పిల్లకు పాత రక్షణ పోతూ ఉంటుంది, కొత్త రక్షణ ఇంకా పూర్తిగా రాదు. సరిగ్గా అప్పుడే దాన్ని బుట్టలో వేసి బస్సులో తీసుకెళ్తే ఏమవుతుంది? కొత్త ఇల్లు, కొత్త మేత, చుట్టూ గోల, వెచ్చగా ఆనుకుని పడుకునే తోడు లేదు. ఆ ఒత్తిడికి పేగుల కదలిక మందగిస్తుంది. చెడ్డ క్రిములు పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుంటాయి. కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కూడా ఈ వయసులోనే ఎక్కువగా పట్టి పీడిస్తుంది. పిల్ల ఒంట్లో నీరు ఎంతని ఉంటుంది? ఒక్క పూట విరేచనాలైనా తట్టుకోలేదు.

ఫారం లెక్క వేరు.. ఇంటి లెక్క వేరు

ఫారాల్లో 4 నుంచి 6 వారాలకే పాలు మాన్పించినా పిల్లలు ఎలా తట్టుకుంటాయి? అక్కడ తల్లి ఒక్కటే దూరమవుతుంది. షెడ్డు మారదు, దాణా మారదు, తోడబుట్టిన పిల్లలు పక్కనే ఉంటాయి. జబ్బు లక్షణాలు కనిపిస్తే వెంటనే మందు వేస్తారు. ఇంటికి తెచ్చే పిల్లకు మాత్రం ఇవన్నీ ఒకేసారి దూరమవుతాయి. అందుకే 5, 6 వారాలకు పాలు మానినా మరో రెండు వారాలు పుట్టిన చోటే గడ్డి, దాణాకు అలవాటుపడి, 8 వారాలు నిండాక కదలడం మేలు. పెంపుడు కుందేళ్ల సంరక్షణ కోసం పనిచేసే అమెరికాలోని హౌస్ రాబిట్ సొసైటీ కూడా 8 వారాల వరకు తల్లితోనే ఉంచాలని సూచిస్తుంది.

మరి కొందరు నాలుగు వారాలకే ఎందుకు అమ్మేస్తారు? చిన్న పిల్ల ముద్దుగా ఉంటుంది, త్వరగా అమ్ముడవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈనిన ఒకటి రెండు రోజులకే ఆడ కుందేలు మళ్లీ చూలు కట్టగలదు. మగదాన్ని అదే బోనులో ఉంచితే, మొదటి ఈత పిల్లలకు నెల నిండేసరికి రెండో ఈత సిద్ధం. దాంతో పాత పిల్లలను ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇంట్లో జంటను పెంచేవాళ్లు ఈనే ముందే మగదాన్ని వేరే బోనులోకి మార్చడం తప్పనిసరి.

వేరు చేసే పద్ధతి ఇదీ..

* పిల్లలను తల్లి దగ్గర నుంచి తీయడం కాదు, తల్లిని తీసి వేరే బోనులో పెట్టాలి. పిల్లలు పుట్టిన బోనులోనే ఉంటే భయం తగ్గుతుంది.

* అన్నింటినీ ఒకే రోజు విడదీయకూడదు. బాగా బలిసిన పిల్లలను ముందు, బక్కగా ఉన్నవాటిని నాలుగైదు రోజుల తర్వాత వేరు చేస్తే చిన్నవి పాలు తాగి పుంజుకుంటాయి. తల్లికి పాలు గడ్డకట్టి పొదుగు వాయకుండానూ ఉంటుంది.

* వేరు చేసిన వారం రోజుల పాటు దాణా మార్చొద్దు. ఎండుగడ్డి, మంచినీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి.

* అలాగని మరీ ఆలస్యం కూడా వద్దు. 10 నుంచి 12 వారాల మధ్య ఆడ, మగ పిల్లలను తప్పక వేరు చేయాలి. చిన్న జాతులు మూడున్నర, నాలుగు నెలలకే ఎదకొస్తాయి. తోబుట్టువులన్న తేడా వాటికి ఉండదు.

కొనేటప్పుడు వయసు కనిపెట్టడం ఎలా?

సైజును చూసి వయసు చెప్పడం కష్టం. చిన్న జాతి పిల్ల రెండు నెలలకు కూడా చిన్నగానే ఉంటుంది. న్యూజిలాండ్ వైట్ లాంటి పెద్ద జాతి పిల్ల అరచేతిలో ఇమిడిందంటే మాత్రం అది ఇంకా పాలు తాగే వయసులోనే ఉన్నట్టు. ముందుగా 'ఎప్పుడు పుట్టింది?' అని తేదీ అడగాలి. వీలైతే తల్లిని చూపించమనాలి. 'రెండు నెలలు ఉంటాయిలెండి' లాంటి నోటి మాటతో సరిపెట్టుకోవద్దు.

తర్వాత కళ్ల ముందే కాస్త ఎండుగడ్డి వేసి చూడాలి. వయసొచ్చిన పిల్ల వెంటనే కరకర నమిలేస్తుంది. పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉండాలి. తోక కింద తడి, మరకలు ఉంటే ఆ పిల్లనే కాదు, అదే బోనులోని మిగతా పిల్లలను కూడా తీసుకోకపోవడం మంచిది. కళ్లు, ముక్కు శుభ్రంగా ఉండాలి. నచ్చిన పిల్లకు ఇంకా వయసు రాలేదా? అడ్వాన్స్ ఇచ్చి, రెండు మూడు వారాలు అక్కడే ఉంచమని అడగొచ్చు. మన దేశంలో 2018 నాటి పెట్ షాపుల నిబంధనల ప్రకారం ఇలాంటి దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

ఇంటికి తెచ్చాక మొదటి 10 రోజులు కీలకం

అమ్మినవాళ్లు పెట్టే దాణానే కొంత అడిగి తెచ్చుకోవాలి. కొత్త దాణాను దాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం, 10 రోజుల్లో పూర్తిగా మార్చాలి. ప్రధాన మేత మాత్రం ఎండుగడ్డే. దాంట్లోని పీచే పేగులను నడిపిస్తుంది. ఎదిగే పిల్లలకు లూసర్న్ గడ్డి కూడా పెట్టొచ్చు. ఆకుకూరలు, క్యారెట్, పండ్లు కనీసం మూడు నెలలు దాటాకే మొదలుపెడితే మంచిది. అదీ ఒక్కోటి చొప్పున, చిటికెడంత. అన్నం, బ్రెడ్, బిస్కెట్లు, ఆవు పాలు అస్సలు వద్దు. పిండి పదార్థం ఎక్కువైతే పేగుల్లో చెడ్డ క్రిములు పెరుగుతాయి.

స్నానం చేయించొద్దు. మొదటి రెండు రోజులు ఎత్తుకోవడం తగ్గించి దాని మానాన దాన్ని వదిలేయాలి. ఎండాకాలంలో మరింత జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఇబ్బందిపడుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో పిల్లను మధ్యాహ్నం పూట ప్రయాణం చేయించడమంటే ప్రాణం మీదకు తేవడమే. తెల్లవారుజామున గానీ, చల్లబడ్డాక గానీ తీసుకురావాలి. ఒంటరిగా కాకుండా తోడబుట్టిన జంటను తెస్తే పిల్ల త్వరగా కుదుటపడుతుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

మేత ముట్టకపోవడం, పెంటికలు వేయకపోవడం, పళ్లు కొరుకుతూ ముడుచుకుని కూర్చోవడం, పొట్ట ఉబ్బడం, నీళ్ల విరేచనాలు.. వీటిలో ఏది కనిపించినా 'రేపు చూద్దాంలే' అనుకోవద్దు. కుందేలుకు పేగులు ఆగకుండా నడుస్తూనే ఉండాలి. సగం రోజు మేత ముట్టలేదంటే అది ఎమర్జెన్సీ కిందే లెక్క. వెంటనే పశువుల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయడం మరీ ప్రమాదం. అమోక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ నోటి ద్వారా వేస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి కుందేలు ప్రాణమే పోవచ్చు.

తల్లి చనిపోతే..?

మూడు వారాల లోపు పిల్లలను మనిషి బతికించడం కష్టమైన పని. దాదాపు అదే రోజుల్లో ఈనిన మరో ఆడ కుందేలు ఉంటే, దాని పిల్లల మధ్య వీటిని కలపడం అన్నింటికంటే మంచి దారి. అది కుదరకపోతే సిరంజితో పాలు పట్టే పద్ధతిని డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. మూడు వారాలు దాటిన పిల్లలకు కాస్త ఆశ ఎక్కువ. వెచ్చటి చోటు, మెత్తటి ఎండుగడ్డి, నీళ్లు, తోబుట్టువుల తోడు ఉంటే నిలబడే అవకాశం ఉంటుంది.

పొలంలో దొరికిన పిల్ల సంగతి?

పంట కోతల్లో ఒక్కోసారి అడవి కుందేలు పిల్లలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల దీన్ని చెవులపిల్లి అంటారు. ఇది పెంపుడు కుందేలు జాతి కాదు. దీని పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఉంటాయి. తల్లి వాటిని గడ్డిలో దాచి, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. పగలు ఒంటరిగా కనిపిస్తే దిక్కులేనిదని కాదు. ఇంటికి తెస్తే తల్లీబిడ్డలను విడదీసినట్టే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు కాబట్టి పెంచుకోవడం నేరం. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ సిబ్బందికి చెప్పాలి. లేదంటే ఎక్కడిదాన్ని అక్కడే వదిలేయాలి.

కుందేలు సరిగ్గా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్ల దాకా బతుకుతుంది. అన్నేళ్లు ఇంట్లో తిరగాల్సిన జీవి కోసం మొదట్లో ఇంకో నాలుగు వారాలు ఓపిక పట్టడం పెద్ద విషయమేం కాదు. ఈసారి సంతలో పిల్లలు మారాం చేస్తే.. ధర కంటే ముందు పుట్టిన తేదీ అడగండి.