ఓడ మాటలు, బొగ్గు మాటలు

ఇంగ్లిష్ జాతీయాల్లో చాలావాటికి పుట్టిల్లు తెరచాప ఓడ. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు పని మెళకువలు నేర్చుకుంటుంటే 'లెర్నింగ్ ద రోప్స్' అంటారు. తెరచాప ఓడ నిండా తాళ్లే. ఏ తాడు లాగితే ఏ తెరచాప లేస్తుందో తెలిసేదాకా నావికుడు నావికుడు కాడు. ఊహించని మాటకు నిర్ఘాంతపోవడం 'టేకెన్ అబ్యాక్'. గాలి హఠాత్తుగా ఎదురుతిరిగి తెరచాపలను స్తంభానికేసి నొక్కితే ఓడ ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆ స్థితి పేరే అది. జన్మలో ఓడ ఎక్కని లండన్ గుమాస్తాలు కూడా బస్సులో కూర్చుని ఇవే మాటలు అనుకుంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే పెన్న ఒడ్డున, తాడిపత్రి బడుల్లో వీటిని అర్థాలతో సహా బట్టీపట్టే పిల్లలకు సముద్రం సంగతి చెప్పేవాళ్లు అరుదు.

'టర్నింగ్ ఎ బ్లైండ్ ఐ' అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. దీన్ని నౌకాసేనాని నెల్సన్‌కు ముడిపెడతారు. 1794లో కోర్సికా దీవిలో జరిగిన పోరులో ఆయన కుడికంటి చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ దగ్గర యుద్ధం సాగుతుండగా, పోరు ఆపమని పై అధికారి హైడ్ పార్కర్ జెండాలతో సంకేతం పంపాడు. నెల్సన్ దూరదర్శినిని ఆ చూపులేని కంటికే పెట్టుకుని, తనకు సంకేతమేదీ కనిపించలేదన్నాడట. గెలిచాడు కాబట్టి ధిక్కారం కాస్తా ఘనకార్యమైంది. ఓడి ఉంటే కోర్టు మార్షల్ మిగిలేది. ఈ కథను నమ్మని చరిత్రకారులూ ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలతోపాటు తాడిపత్రి కూడా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో మాత్రం ఏ చేనునూ చూడనట్టు వదల్లేదు. పొలం పొలం కొలిపించి శిస్తు నిర్ణయించాడు.

నేల మీది జాతీయాల్లో తాడిపత్రివాళ్లకు ఇట్టే అర్థమయ్యేది 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్'. న్యూకాజిల్‌కు బొగ్గు మోయడమంటే బండల ఊరైన తాడిపత్రికి బండలు తోలడమే. టైన్ నది పక్క గనుల్లో తవ్విన బొగ్గు చిన్న పడవల మీద రేవుకు, అక్కడినుంచి ఓడల మీద లండన్‌కు చేరేది. లండన్‌వాళ్లు దాన్ని సముద్రపు బొగ్గనేవారు. 1600లో ఎలిజబెత్ రాణి ఆ వ్యాపారాన్ని హోస్ట్‌మెన్ అనే వర్తక సంఘానికి గుత్తగా రాసిచ్చింది.

పోలిక ఇంకా సాగుతుంది. తాడిపత్రి నాపరాయి కూడా బొగ్గులాగే పొరలు పొరలుగా ఉంటుంది. పాలిష్ మిషన్ కింద నీళ్లు పడుతున్నంతసేపు నల్లగా నిగనిగలాడుతుంది, ఆరితే బూడిదరంగుకు తిరుగుతుంది. అక్కడి కూలీల ఒంటికి మసి అంటితే, ఇక్కడివాళ్ల ఒంటికి ఎండిన రాతిబురద తెల్లటి పొడిగా అంటుతుంది. బొగ్గు కాలిపోతుంది, బండ ఇంటి నేలగా, మిద్దెకప్పుగా, చేనుకు కంచెగా ఉండిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు చల్లి తుడిచిన ఒట్టి బండల మీద వీపు ఆనించి పడుకునే సుఖం కార్పెట్లు పరిచిన ఇంగ్లండ్ ఇళ్లలో ఎక్కడిది!

న్యూకాజిల్ ఉన్న ఈశాన్య ఇంగ్లండ్‌లోని చివరి లోతుగని ఎల్లింగ్టన్ 2005లో మూతపడింది. ఆ దశాబ్దంలోనే టైన్ రేవులో విదేశీ బొగ్గు దిగింది. న్యూకాజిల్‌కు నిజంగానే బొగ్గు మోశారన్నమాట. 2024 సెప్టెంబర్ 30న ర్యాట్‌క్లిఫ్ విద్యుత్ కేంద్రం ఆగిపోవడంతో బ్రిటన్‌లో బొగ్గుతో కరెంటు తీయడమే ముగిసింది.